తొమ్మిదో సాలు

పెద్దాయన యూరియా చల్లుతుంటే చూడటానికి ఒకప్పుడు పక్క చేలవాళ్ళు పని ఆపి నిలబడేవారట. ఈ మాట చెప్పింది పెద్దాయనే కాబట్టి కొంత తీసేసి నమ్మాలి. తీసేయగా మిగిలింది కూడా తక్కువేమీ కాదు. ఆయనది ఎడమచేతి వాటం. బేసిన్ నడుముకు ఆనించుకుని, గట్టు మీద నిలబడి పిడికిలి విసిరితే గింజలు ఇరవయ్యో సాలు దాకా పోయేవట, అదీ ఎక్కడా కుప్ప పడకుండా. ముప్పై ఏళ్ళ పాటు ఆ చెయ్యి గురించి చెప్పుకుని, చెప్పించుకుని ఆయన సుఖంగా బతికాడు. ఇంట్లో ఆయన భార్య మాత్రం ఆ కథ మొదలవగానే గిన్నెలు కడగటానికి లేచిపోయేది.

రెండేళ్ళ కిందట మోకాలు మొరాయించింది. గట్టు మీద నడవొచ్చు గానీ మెత్తటి దుక్కిలో అడుగు పెట్టకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. కొడుకు లారీ డ్రైవరు, నెలలో మూడు వారాలు రోడ్డు మీదే ఉంటాడు. మరి చేను ఎవరు చూస్తారని ఇంట్లో అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకుంటుంటే, నేను చూస్తానని కోడలు అంది. ఆవిడ తొమ్మిదేళ్ళుగా కుట్టు షెడ్డులో గుడ్డ కొలిచి కత్తిరించే పని చేస్తోంది. చేతిలో టేపు, చెవి మీద సుద్దముక్క లేకుండా ఆవిడను చూసినవాళ్ళు తక్కువ. పెద్దాయన నవ్వాడు. 

కోడలు ఊరికే అడగలేదు, షరతు పెట్టి మరీ అడిగింది. మొక్కజొన్న చేనును మధ్యకు రెండు సగాలు చేద్దామంది, సగానికి ఇరవై నాలుగు సాళ్ళు. ఎడమ సగంలో అంతా మామగారి పద్ధతే, మూడు విడతల యూరియా. కుడి సగంలో తన పద్ధతి. మొక్కజొన్నకు ముందు జనుము, అలసంద కలిపి చల్లి, పూతకు రాగానే నేలలో కలియదున్నేస్తుంది. ఆ తర్వాత మొక్కజొన్న వేసి, విత్తేటప్పుడు కాస్త యూరియా వేస్తుంది, మిగతా రెండు విడతలూ వెయ్యదు. కోత నాటికి కుడి సగం ఎడమ సగానికి తీసిపోకపోతే వచ్చే ఏడాది నుంచి చేను మీద మాట తనది. తీసిపోతే మారు మాట్లాడకుండా షెడ్డుకు వెళ్ళిపోతుంది. షెడ్డు యజమాని కోత అయ్యేదాకా ఆవిడ బల్ల ఖాళీగా ఉంచుతానన్నాడు. ఆ బల్ల దగ్గరికి మళ్ళీ వెళ్ళటం ఆవిడకు సుతరామూ ఇష్టం లేదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. పెద్దాయన మీసం మెలేసి సరేనన్నాడు.

జనుము ఏపుగా పెరిగి, పసుపుపచ్చగా పూసింది. దాన్ని దున్నేస్తారని తలుచుకుంటేనే పెద్దాయనకు ప్రాణం ఉసూరుమనేది. పూత మీదున్న పైరును మట్టిపాలు చెయ్యటమేమిటని గట్టు మీద కనపడిన ప్రతివాడికీ మొరపెట్టుకున్నాడు. కోడలు ఒక అలసంద మొక్కను వేళ్ళతో సహా పెళ్ళగించి తెచ్చి ఆయన అరచేతిలో పెట్టింది. వేళ్ళకు చిన్న చిన్న బుడిపెలున్నాయి. ఒకదాన్ని గోటితో చిదిమితే లోపల గులాబీ రంగు. గాలిలో ఉన్న నత్రజనిని ఈ బుడిపెలు పట్టి దాచుకుంటాయని, మొక్క మట్టిలో కుళ్ళితే అది తర్వాతి పంటకు అందుతుందని ఆవిడ చెప్పింది. ఊరికే వచ్చే గాలితో పని జరిగేటట్టుంటే ఇన్నేళ్ళూ నేను మోసిన బస్తాల సంగతేమిటని పెద్దాయన అడిగాడు. అడిగాడే గానీ, ఆ వేరును పారెయ్యకుండా ఇంటికి తెచ్చుకుని, ఇంకో నాలుగు బుడిపెలు చిదిమి చూశాడు.

అసలు చిక్కు వానతో వచ్చింది. దున్నాల్సిన వారంలో వాన పట్టుకుని వదల్లేదు. పక్క చేను ట్రాక్టరాయన ఇదిగో అదిగో అంటూ పద్దెనిమిది రోజులు తిప్పాడు. ఈలోగా జనుము ముదిరిపోయింది. కాడ విరిస్తే విరగదు, లాగితే పురికొసలా పీచు లేస్తుంది. ఆలస్యంగానే దున్ని, కొన్నాళ్ళు ఆగి రెండు సగాల్లోనూ ఒకే రోజు మొక్కజొన్న విత్తారు. పైరు మోకాలెత్తుకు వచ్చేసరికి ఎడమ సగం పచ్చదనం ముదిరి నల్లగా, నిగనిగలాడుతూ ఉంది. కుడి సగం మాత్రం నెల రోజులు జ్వరపడి లేచినట్టు పాలిపోయింది.

నిజానికి పెద్దాయన సంబరపడాల్సిన సమయమిది. గట్టెక్కి నాలుగు మాటలు అనాల్సిన సమయం. కానీ కోడలు ఆ పసుపు ఆకుల మధ్య నిలబడి, ఒక్కో సాలునూ చూసుకుంటూ పోతుంటే ఆయనకు నోరు రాలేదు. ఆవిడ మీద ఆయనకు ఎప్పుడు అంత మమకారం కుదిరిందో ఆయనకే తెలియదు. పొద్దున్నే లేచి ఆయనకంటే ముందు చేనుకు పోయే మనిషి ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ లేరు. ఆవిడ షెడ్డుకు వెళ్ళిపోతే గట్టు మీద తను ఎవరితో పోట్లాడాలి? 

కోడలు టౌనులో మట్టి పరీక్షలు చేసే ఆవిడకు ఫోన్ చేసింది. ఆవిడ కంగారు పడొద్దంది. జనుములాంటి పచ్చిరొట్ట పీచు ముదిరాక దున్నితే, దాన్ని కుళ్ళబెట్టటానికి మట్టిలోని సూక్ష్మజీవులు ముందు ఉన్న నత్రజనిని తామే వాడేసుకుంటాయట. పని ముగిశాక మళ్ళీ పైరుకు వదిలేస్తాయట. పదిరోజులు ఓపిక పట్టమని, ఈలోగా యూరియా చేత్తో తాకొద్దని, మట్టి మాత్రం పరీక్షకు తెమ్మని చెప్పింది. మర్నాడు పొద్దున్నే కోడలు మూడు చోట్ల తవ్వి తీసిన మట్టిని సంచిలో వేసుకుని బస్సెక్కింది.

బస్సు కదలగానే పెద్దాయన కాలు నిలవలేదు. పదిరోజులు! పైరు నోరు తెరుచుకుని ఎదురుగా నిలబడితే పదిరోజులు ఎవడు చూస్తాడు? కొట్టంలో ఎడమ సగానికి కూలీలు వేయగా మిగిలిన అర బస్తా యూరియా ఉంది. గాలి పీల్చుకుని వస్తానని భార్యతో చెప్పి, బస్తా విప్పి, కుడి గట్టు మీదికి చేరాడు. అవతలి వైపు నుంచి వెయ్యటానికి వీల్లేదు. రెండు సగాలకూ మధ్య కోడలు పాతిన మేకులే తప్ప నడిచే దారి లేదు. చేసేదేదో ఈ గట్టు మీద నుంచే చెయ్యాలి.

బేసిన్ ఆనించుకుని, పాత రోజుల్లోలాగే భుజం వెనక్కి తీసి విసిరాడు. తెల్లటి గింజలు ఆకుల మీద టపటపా రాలాయి. ఎక్కడ రాలాయో చూసి పెద్దాయన నోరు వెళ్ళబెట్టాడు. తొమ్మిదో సాలు. చెయ్యి ఇంకా వేడెక్కలేదనుకుని రెండోసారి గట్టిగా విసిరాడు. అది కూడా తొమ్మిదో సాలే. మూడోసారి భుజంలో ఏదో కలుక్కుమంది, ఎనిమిది దాటలేదు. ఆయన ఓ పక్కకు, ఇంకో పక్కకు చూశాడు. చుట్టుపక్కల ఎవరూ లేరు. చేలోకి దిగుదామంటే మోకాలు ఒప్పుకోదు. ఇంక చేసేది లేక గట్టు పొడవునా నడుస్తూ, అందినంత మేర విసిరి, బేసిన్ కడిగి బోర్లించి, ఏమీ ఎరగనట్టు ఇంటికొచ్చి కూర్చున్నాడు. పైరుకు ఏదో ఒకటి చేశానన్న తృప్తి ఉంది. చెయ్యి ఇరవై నుంచి తొమ్మిదికి ఎప్పుడు దిగిపోయిందన్న దిగులూ ఉంది. ఆ దిగులు ఎవరితోనూ చెప్పుకునేది కాదు.

పొద్దున్న మంచు తడిలో చల్లిన యూరియా ఊరుకుంటుందా? గింజలు మొక్క నడినెత్తిన లేతాకులు చుట్టుకుని ఉండే సుడుల్లో ఇరుక్కుని కరిగి ఆకుల్ని మాడ్చేశాయి. మూడో రోజుకు గట్టు పక్క సాళ్ళలో తెల్లమచ్చలు, ఎండిన అంచులు కనపడ్డాయి. ఇదేం తెగులు వచ్చి పడిందని కోడలు హడలిపోయింది. మట్టి పరీక్షల ఆవిడ ఆ సాయంత్రమే స్కూటర్ మీద వచ్చి, సుడి విప్పి, ఆకును వేళ్ళ మధ్య తిప్పి చూసింది.

"ఇది తెగులు కాదండీ. యూరియా సుడిలో పడితే ఇలాగే మాడుతుంది. ఎవరు వేశారు?"

కోడలు తాను వెయ్యలేదంది. పెద్దాయన ఆకాశంలో మబ్బుల్ని పరీక్షగా చూస్తున్నాడు. ఆయన భార్య ఆయన్నే చూస్తోంది.

"నలభై ఏళ్ళలో ఎన్నడూ లేనిది, మొన్న బేసిన్ ఎందుకు కడిగారా అనుకున్నాను," అంది ఆవిడ.

పెద్దాయన చివరికి ఒప్పుకున్నాడు. కోడలు కేకలు వేస్తే బాగుండేదని ఆయనకు తర్వాత చాలాసార్లు అనిపించింది. ఆవిడ కేకలు వెయ్యలేదు.

"నేను ఓడిపోతానని మీరు ముందే తేల్చేశారన్నమాట."

"ఓడిపోకూడదనే కదమ్మా వేసింది."

"రెండూ ఒకటే మామయ్యా."

ఈ మాట పెద్దాయనకు సూటిగా తగిలింది. తగిలినచోట రుద్దుకుంటుండగానే మట్టి పరీక్షల ఆవిడ ఇంకో ప్రశ్న వేసింది. యూరియా ఎన్ని సాళ్ళ దాకా పడింది? గట్టు పక్క కొన్ని సాళ్ళ వరకే అయితే అవి వదిలేసి, మిగతా వాటితో కోడలి పరీక్ష నిలబడుతుంది. మచ్చల్ని బట్టి చెప్పటం కష్టమంది. సుడిలో పడితేనే మచ్చ వస్తుంది, నేల మీద పడినదానికి ఆనవాలు ఉండదు. విసిరినవాళ్ళే చెప్పాలి.

తొమ్మిది అన్న మాట పెద్దాయన నాలుక చివరి దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే భార్య అందుకుంది.

"ఈయన విసిరినదా? గట్టు దిగి ఉంటే గొప్ప."

పెద్దాయనకు ఒళ్ళు మండింది. ఇరవై నాలుగు సాళ్ళూ తడిశాయన్నాడు. నా చెయ్యి సంగతి ఎవరికి తెలియదన్నాడు. ఆ నోరు అంతటితో ఆగకుండా, ఎడమ సగంలోకి కూడా నాలుగు గింజలు పోయే ఉంటాయని చేర్చింది. కోడలు నోటుపుస్తకం తెరిచి, కుడి సగం పేజీకి అడ్డంగా ఒక గీత గీసి మూసేసింది.

నిజం చెప్పటానికి ఆ తర్వాత బోలెడన్ని రోజులున్నాయి. పెద్దాయన రోజూ రేపు చెబుదామనుకునేవాడు. ఇంతలో చేను తిరిగింది. పన్నెండో రోజుకల్లా కుడి సగం పసుపు వదిలింది. నెలలోపు ఆకు నల్లబడింది. గట్టు పక్క సాళ్ళు ఎంత పచ్చగా ఉన్నాయో, పదో సాలు, పదిహేనో సాలు, ఇరవై నాలుగో సాలు కూడా అంతే పచ్చగా ఉన్నాయి. ఆ పచ్చదనం ఎక్కడిదో పెద్దాయన ఒక్కడికే తెలుసు. జనుము మట్టిలో చివికి, కోడలు చెప్పినదంతా తు.చ. తప్పకుండా చేస్తోంది. ఊళ్ళోవాళ్ళు మాత్రం పెద్దాయన చెయ్యి పడింది, చేను బతికిందన్నారు. పక్క చేను ట్రాక్టరాయన ఇంజను ఆపి మరీ ఆ మాట అన్నాడు. మొదటి రెండు రోజులూ పెద్దాయనకు అది తేనెలాగే ఉంది. మూడో రోజు నుంచి ఎవరైనా ఆ మాట ఎత్తితే దగ్గు వచ్చేది.

పరీక్ష పాడైపోయినా కోడలు పని వదల్లేదు. కొలత అలవాటైన మనిషి కదా, కోతలో కూడా నాలుగేసి సాళ్ళ కండెలు ఒక కుప్పగా పోసి, చెక్కల మీద సుద్దతో అంకెలు వేసింది. ఒక్కో సగానికి ఆరు కుప్పలు. కాటా తెచ్చి అన్నీ తూచారు. కుడి సగం కుప్పలు ఎడమ సగం కుప్పలతో సమానంగా తూగాయి, ఐదో కుప్ప అయితే నాలుగు కిలోలు ఎక్కువే ఉంది. అత్తగారు కోడలి భుజం తట్టి, నువ్వే గెలిచావంది. కోడలు తల అడ్డంగా ఊపింది.

"అందులో నాదెంతో, మామయ్యదెంతో తెలియదు కదత్తయ్యా. కొలత తెలియని గుడ్డ మీద నేను కత్తెర పెట్టను."

సోమవారం షెడ్డుకు వెళతానని కూడా చెప్పింది. ఇలా చెప్పి కొట్టంలో తన పారను కడిగి, తుడిచి, గోడకు ఆనించింది. పెద్దాయన అదంతా అరుగు మీద నుంచి చూశాడు. ఇన్నేళ్ళ ఆయన బడాయి ఒక పక్క, ఆ మనిషి ఏడాది కష్టం ఒక పక్క. ఆయన తన బడాయి మీద తనకే అసహ్యం వేసేదాకా చూశాడు. అసహ్యం వేశాక కూడా లేవటానికి ఇంకో పూట పట్టింది.

మర్నాడు పొద్దున టీ తాగగానే బేసిన్‌లో పొడి ఇసుక నింపుకుని, ఇద్దరూ చేనుకు రండని భార్యకూ కోడలికీ చెప్పాడు. ఎందుకని అడిగితే చెప్పలేదు. దారిలో ట్రాక్టరాయన ఎదురైతే అతన్నీ రమ్మన్నాడు. ఈ పని నలుగురి ఎదుటా చెయ్యకపోతే మళ్ళీ తన నోరే తనను మోసం చేస్తుందని ఆయనకు తెలుసు.

కోసిన చేలో మోళ్ళు వరసలుగా నిలబడి ఉన్నాయి, సాళ్ళు లెక్కపెట్టటం తేలిక. కోడల్ని లోపలికి దిగి పదో సాలు దగ్గర నిలబడమన్నాడు. ఆవిడకు ఏమీ అర్థం కాకపోయినా దిగి నిలబడింది. పెద్దాయన గట్టు మీద కాళ్ళు దూరంగా పెట్టి, ఎడమ భుజం వెనక్కి తీసి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి విసిరాడు. తక్కువగా విసరాలని ఆయనకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు. ఇంకా చెప్పాలంటే, ఇరవయ్యో సాలు దాకా పోతే బాగుండునని ఆయన లోపలివాడు ఇంకా ఆశపడుతూనే ఉన్నాడు. ఇసుక తొమ్మిదో సాలు మోళ్ళ మీద పడింది. కోడలి పాదాల మీద ఒక్క రేణువు పడలేదు.

"గాలి ఎదురుగా ఉంది పెద్దాయనా," అన్నాడు ట్రాక్టరాయన మర్యాదకు. గాలి అసలు లేదు.

రెండోసారి విసిరినప్పుడు మోకాలు తడబడితే భార్య చప్పున రెక్క పట్టుకుంది. అదీ తొమ్మిదో సాలే. పెద్దాయన బేసిన్ కింద పెట్టాడు.

"ఆ రోజూ ఇంతే పడిందమ్మా. ఇరవై నాలుగూ తడిశాయని అబద్ధం చెప్పాను. తొమ్మిది దాటలేదు. పది నుంచి అవతలికి నా చెయ్యి లేదు, అదంతా నీ జనుమే."

 ఆయన భార్యకు ఆ రోజు ఆటపట్టించటానికి బోలెడంత సరుకు దొరికింది. అయినా ఆవిడ ఒక్క మాట అనకుండా, పట్టుకున్న రెక్కను పట్టుకునే ఉంది. కోడలు తన పాదాల వైపు, తొమ్మిదో సాలులో మెరుస్తున్న ఇసుక వైపు మార్చి మార్చి చూసింది. పెదవులు కదులుతున్నాయి, లెక్క వేస్తోంది. నాలుగో కుప్ప పదమూడో సాలు నుంచి మొదలు. నాలుగు, ఐదు, ఆరు కుప్పల్లోకి మామగారి యూరియా గింజ ఒక్కటి కూడా పోలేదు. తల ఎత్తేసరికి ఆవిడ కళ్ళు నిండాయి. అయినా తొమ్మిదేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది?

"కొలత మూడుసార్లు తియ్యాలి మామయ్యా. ఇంకొక్కటి."

పెద్దాయన బేసిన్ ఎత్తుకుని మూడో పిడికిలి విసిరాడు. ఆ ఇసుక ఎక్కడ పడిందో కోడలు వంగి చూసేలోపే, పక్క చేనుకు కూడా వినపడేటట్టు ఆయనే గట్టిగా చెప్పాడు.

"ఎనిమిది."

ఆ తర్వాత ఊపిరి పీల్చుకుని, ఇప్పుడు చెల్లుతుందా అని అడిగాడు.

"చెల్లుతుంది మామయ్యా," అంది కోడలు. అక్కడే మోళ్ళ మధ్య నిలబడి షెడ్డుకు ఫోన్ చేసి, తన బల్ల ఎవరికైనా ఇచ్చెయ్యమని చెప్పింది.